ఐబీఎం ఎంక్యూ నుంచి ర్యాబిట్‌ఎంక్యూకు సొంత బ్రిడ్జి: మెసేజ్ పోకుండా, రెండుసార్లు వచ్చినా నష్టం లేకుండా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ పాత వ్యవస్థ మెయిన్‌ఫ్రేమ్ మీద నడుస్తోంది, అది ఐబీఎం ఎంక్యూలో (మెసేజ్‌లను క్యూలో దాచి అందించే సాఫ్ట్‌వేర్) మెసేజ్‌లు పెడుతుంది. కొత్త బృందం అదే రకం పని చేసే ర్యాబిట్‌ఎంక్యూ వాడుతోంది. మధ్యలో జావాలో ఒక ప్రోగ్రాం రాయమని మీకు అప్పగించారు. ఇటు నుంచి తీసి అటు పెట్టే లూప్ రాశారు, టెస్టింగ్‌లో బాగానే నడిచింది. మీ మేనేజరేమో ‘ఒక్క మెసేజ్ పోకూడదు, ఒక్కటి కూడా రెండుసార్లు రాకూడదు’ అంటున్నారు. అది సాధ్యమేనా, ఈ లూప్‌ను ప్రొడక్షన్‌లో పెట్టవచ్చా, భద్రత కోసం రెండు కాపీలు నడపవచ్చా అన్నవి మీ సందేహాలు.

సొంతంగా రాయవచ్చు, తప్పేమీ లేదు. కానీ ఇప్పుడున్న లూప్‌ను ఉన్నదున్నట్టు పంపకండి. మేనేజర్ అడిగిన రెండింటిలో మొదటిది బ్రిడ్జి ఇవ్వగలదు. రెండోది బ్రిడ్జి ఒక్కటే ఇవ్వలేదు. మెసేజ్ అవతల చేరిందని ఖాయమయ్యాకే ఇవతల కమిట్ చేయండి, అంటే తీయడాన్ని ఖరారు చేయండి. అప్పుడప్పుడూ డూప్లికేట్ వస్తుందని ముందే ఒప్పుకుని, దాన్ని గుర్తుపట్టే పని అందుకునే ప్రోగ్రాంకు అప్పగించండి.

ఎందుకో చూద్దాం. మీ ప్రోగ్రాం చేసేవి రెండు పనులు: ఐబీఎం ఎంక్యూ నుంచి తీయడం, ర్యాబిట్‌లో పెట్టడం. ఇవి రెండు వేర్వేరు సర్వర్లలో, వేర్వేరు డిస్కుల మీద, వేర్వేరు క్షణాల్లో జరుగుతాయి. మధ్యలో సన్నని సందు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ప్రోగ్రాం సరిగ్గా ఆ సందులో ఆగిపోతే ఏమవుతుంది? ముందు ఇటు కమిట్ చేసి తర్వాత అటు పెట్టేలా రాస్తే, మెసేజ్ ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. ముందు అటు పెట్టి తర్వాత ఇటు కమిట్ చేసేలా రాస్తే, మెసేజ్ రెండు చోట్లా ఉంటుంది. ప్రోగ్రాం మళ్లీ లేచాక అదే మెసేజ్‌ను ఇంకోసారి పంపుతుంది. నిండు బిందె అందించేటప్పుడు అవతలివాళ్లు గట్టిగా పట్టుకున్నారని తెలిశాకే మనం చెయ్యి వదులుతాం కదా, ఇక్కడా అంతే. ఆ ఒక్క క్షణం బిందె ఇద్దరి చేతుల్లోనూ ఉంటుంది, దాన్ని తప్పించలేం.

రెండు దశల కమిట్ (రెండు వ్యవస్థలనూ ముందు సిద్ధమా అని అడిగి, తర్వాత కలిపి ఖరారు చేసే పద్ధతి) ఉంది కదా అని మీ బృందంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఐబీఎం ఎంక్యూకు ఎక్స్‌ఏ, అంటే ఆ పద్ధతికి ఉన్న ప్రమాణం, వచ్చు. డీబీ2, ఒరాకిల్ లాంటి డేటాబేస్‌తో కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌గా నడపవచ్చు. ర్యాబిట్‌ఎంక్యూకు ఎక్స్‌ఏ రాదు. దానిలో ట్రాన్సాక్షన్ అనే పేరుతో ఉన్నది దాని సొంత ఛానల్‌కే (కనెక్షన్ లోపలి ఒక దారి) పరిమితం, పైగా చాలా నెమ్మది. కాబట్టి ‘సరిగ్గా ఒక్కసారి’ అనే హామీని ఈ జత మీద ఎవరైనా ఇస్తే, ఏ సందును ఎలా మూశారో చూపించమని అడగండి.

ఇవతలి వైపు నుంచి మొదలుపెడదాం. జేఎంఎస్ (జావా నుంచి మెసేజ్ క్యూలతో మాట్లాడే ప్రామాణిక పద్ధతి) సెషన్‌ను ట్రాన్సాక్టెడ్‌గా, అంటే కమిట్ చేసేదాకా ఏదీ ఖరారు కాకుండా, తెరవండి. మెసేజ్ తీయండి, ర్యాబిట్‌కు పంపండి, అక్కడి నుంచి కన్ఫర్మ్ వచ్చాక కమిట్, రాకపోతే రోల్‌బ్యాక్, అంటే మెసేజ్‌ను తిరిగి క్యూలోకి పంపడం. ఆటో అక్‌నాలెడ్జ్ (మెసేజ్ అందిందని లైబ్రరీ తనంతట తానే చెప్పేయడం) జోలికి పోకండి. స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) వాడుతున్నట్టయితే ఒక సంగతి గమనించండి: డిఫాల్ట్ మెసేజ్ లిజనర్ కంటెయినర్‌ను ట్రాన్సాక్షన్ లేకుండా, ఆటో అక్‌నాలెడ్జ్‌లో వదిలేస్తే, మీ లిజనర్ కోడ్ మొదలు కాకముందే మెసేజ్ అందినట్టు చెప్పేస్తుంది. మీ కోడ్ ఎక్సెప్షన్ విసిరినా ఆ మెసేజ్ తిరిగి రాదు. ఇది స్ప్రింగ్ డాక్యుమెంట్లలోనే రాసి ఉంది, అయినా చదివేవాళ్లు తక్కువ. స్ప్రింగ్ బూట్ మామూలుగా ట్రాన్సాక్షన్‌ను తనంతట తానే పెడుతుంది. కానీ ఆ కంటెయినర్‌ను పుట్టించే ఫ్యాక్టరీని మీరు చేత్తో తయారు చేసుకుంటే ఆ రక్షణ ఉండదు.

అవతలి వైపు కాస్త తిరకాసుగా ఉంటుంది. ర్యాబిట్‌లో పబ్లిష్ చేసే పిలుపు ఎక్సెప్షన్ లేకుండా తిరిగొచ్చిందంటే మెసేజ్ మీ మెషీన్ సాకెట్‌లోకి వెళ్లిందని మాత్రమే అర్థం, బ్రోకర్‌కు, అంటే ర్యాబిట్ సర్వర్‌కు, చేరిందని కాదు. అందుకే ఛానల్ మీద పబ్లిషర్ కన్ఫర్మ్స్ (మెసేజ్ తనకు అందిందని బ్రోకర్ తిరిగి చెప్పడం) ఆన్ చేయాలి. క్యూ డ్యూరబుల్‌గా, అంటే సర్వర్ ఆగి లేచినా నిలిచేలా, ఉండాలి, మెసేజ్ డెలివరీ మోడ్ 2గా, అంటే పర్సిస్టెంట్‌గా (డిస్కు మీద దాచేలా) వెళ్లాలి. క్యూ రకం క్వోరమ్ (అనేక నోడ్లలో కాపీలు ఉంచేది) అయితే, మెజారిటీ నోడ్లు మెసేజ్‌ను రాసుకున్నాకే కన్ఫర్మ్ వస్తుంది. ఈ పనికి నేనైతే క్వోరమ్ క్యూనే ఎంచుకుంటాను.

ఇక్కడ చాలామందిని ముంచే సంగతి ఒకటుంది. కన్ఫర్మ్ వచ్చినంత మాత్రాన మెసేజ్ ఏదో ఒక క్యూలో ఉందని కాదు. ర్యాబిట్‌లో మనం పంపేది ఎక్స్‌ఛేంజ్‌కు. అది మెసేజ్ మీది రూటింగ్ కీ అనే చిరునామా చూసి, బైండింగ్ అనే నియమాల ప్రకారం క్యూలకు పంచుతుంది. రూటింగ్ కీ ఏ క్యూకూ కుదరకపోతే బ్రోకర్ ఆ మెసేజ్‌ను పారేసి, మనకు మాత్రం నిక్షేపంగా కన్ఫర్మ్ పంపిస్తుంది. దాని దృష్టిలో అది తన పని పూర్తి చేసింది. ఒక బ్యాంకు ప్రాజెక్టులో సరిగ్గా ఇదే జరిగింది. అవతలి బృందం ఒక రిలీజ్‌లో బైండింగ్ పేరు మార్చింది. బ్రిడ్జి లాగ్‌లన్నీ పచ్చగా ఉన్నాయి, ఐబీఎం క్యూ ఖాళీ అవుతోంది, కన్ఫర్మ్‌లు వస్తున్నాయి. లెక్కలు సరిచూసే విభాగం నుంచి ఫోను వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. దీనికి మందు మ్యాండేటరీ ఫ్లాగ్. అది పెడితే, ఏ క్యూకూ చేరని మెసేజ్‌ను బ్రోకర్ మనకు తిప్పి పంపుతుంది. ఆ రిటర్న్ కన్ఫర్మ్ కంటే ముందే వస్తుంది కాబట్టి, రిటర్న్ వచ్చిందో లేదో చూసుకుని కన్ఫర్మ్‌ను నమ్మవచ్చు. రిటర్న్ వస్తే రోల్‌బ్యాక్ చేసి గట్టిగా అరవాలి. ఎక్స్‌ఛేంజ్‌కు ఆల్టర్నేట్ ఎక్స్‌ఛేంజ్ పెట్టి, దారి దొరకని వాటిని ఒక క్యూలో పోగేయడం మరో పద్ధతి. అప్పుడు ఆ క్యూను రోజూ చూసే మనిషి కూడా ఉండాలి.

మెసేజ్‌కు ఒక కమిట్ చొప్పున చేస్తే వేగం పడిపోతుంది. యాభయ్యో వందో తీసి, అన్నీ పబ్లిష్ చేసి, అన్నింటి కన్ఫర్మ్‌లూ వచ్చాక ఒకేసారి కమిట్ చేయండి. మధ్యలో ఆగితే ఆ బ్యాచ్ అంతా మళ్లీ వెళ్తుంది, అంటే డూప్లికేట్లు ఒకటి కాదు, బ్యాచ్ అంత. దానికి సిద్ధపడ్డాం కాబట్టి ఇబ్బంది లేదు. మరీ పెద్ద బ్యాచ్‌లు వద్దు. కమిట్ కాని మెసేజ్‌లకు ఐబీఎం ఎంక్యూలో పరిమితి ఉంటుంది, డిఫాల్ట్‌గా 10,000.

ఇక డూప్లికేట్లు. అందుకునేవాళ్లు దేన్ని చూసి గుర్తుపట్టాలి? మెసేజ్‌తో పాటు మారని గుర్తింపు ఒకటి ప్రయాణించాలి. చాలామంది బ్రిడ్జిలో పబ్లిష్ చేసే ముందు కొత్త యూయూఐడీ (ప్రతిసారీ వేరుగా పుట్టే గుర్తింపు సంఖ్య) పుట్టించి అతికిస్తారు. అది పనికిరాదు. రోల్‌బ్యాక్ తర్వాత అదే మెసేజ్ మళ్లీ వస్తే దానికి ఇంకో యూయూఐడీ పుడుతుంది, ఇద్దరూ కవలలని ఎవరికీ తెలియదు. ఐబీఎం ఎంక్యూ ప్రతి మెసేజ్‌కూ 24 బైట్ల మెసేజ్ ఐడీ ఇస్తుంది. జేఎంఎస్‌లో అది ‘ఐడీ’ అనే ముందుమాట, కోలన్, ఆ తర్వాత 48 హెక్సా అంకెలుగా కనిపిస్తుంది. రోల్‌బ్యాక్ అయి మళ్లీ వచ్చినా అది మారదు. దాన్నే ర్యాబిట్ మెసేజ్ ఐడీ ప్రాపర్టీలో పెట్టండి. ఇంతకంటే మంచిది వ్యాపారపరమైన గుర్తింపు, అంటే లావాదేవీ నంబరు, క్లెయిమ్ నంబరు లాంటిది. పంపే ప్రోగ్రామే పొరపాటున రెండుసార్లు పెట్టినప్పుడు ఎంక్యూ ఐడీలు వేరుగా ఉంటాయి, లావాదేవీ నంబరు ఒక్కటే ఉంటుంది.

అందుకునే వైపు, ఆ గుర్తింపు ప్రైమరీ కీగా ఒక చిన్న టేబుల్ ఉంటే చాలు. ముందు అందులో వరుస చేర్చాలి, ఆ తర్వాత అసలు పని, రెండూ ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో. కీ ఇప్పటికే ఉందని డేటాబేస్ చెబితే పని చేయకుండా అక్ (మెసేజ్ అందిందన్న జవాబు) ఇచ్చేయాలి. ‘ముందు ఉందో లేదో వెతికి, లేకపోతే చేర్చు’ అని రాయనివ్వకండి. రెండు థ్రెడ్లు ఒకేసారి వెతికితే రెండింటికీ లేదనే కనిపిస్తుంది. ఈ టేబుల్‌ను రెడిస్ అనే వేరే డేటా స్టోర్‌లో పెడతామని కొత్త బృందం అనవచ్చు. అసలు పని పోస్ట్‌గ్రెస్‌లో, గుర్తింపు రెడిస్‌లో ఉంటే పైన చెప్పిన సందే మళ్లీ ఇంకో చోట తెరుచుకుంటుంది.

ఇప్పటిదాకా చెప్పింది మెసేజ్ చేరడం గురించి. చేరిన మెసేజ్ లోపల ఏముంటుందన్నది నా అనుభవంలో ఎక్కువ రాత్రులు తినేసిన విషయం. జేఎంఎస్ అనేది జావా ప్రోగ్రాం రాసే పద్ధతికి ఒక ప్రమాణం మాత్రమే, తీగ మీద బైట్లు ఎలా వెళ్లాలో అది చెప్పదు. ఐబీఎం ఉత్పత్తి 1993లో ఎంక్యూసిరీస్ పేరుతో వచ్చింది. ర్యాబిట్ 2007లో ఏఎంక్యూపీ అనే మెసేజింగ్ ప్రోటోకాల్ చుట్టూ పుట్టింది. ఒకే రకం పేర్లున్న ఫీల్డులు రెండింటిలోనూ కనిపిస్తాయి, అర్థాలు మాత్రం వేరు.

గడువు సంగతే చూడండి. ఐబీఎం ఎంక్యూ హెడర్‌లో గడువును సెకనులో పదో వంతుల్లో రాస్తారు. జేఎంఎస్ దాన్ని ఫలానా సమయానికి ముగుస్తుందని మిల్లీసెకన్లలో చూపిస్తుంది, గడువే లేకపోతే సున్నా ఇస్తుంది. ర్యాబిట్‌కు ఇంకా ఎంతసేపు బతకాలో మిల్లీసెకన్లలో, అదీ స్ట్రింగ్‌గా ఇవ్వాలి. అక్కడ సున్నా ఇస్తే, క్యూలోకి వచ్చిన వెంటనే తీసుకునే కన్స్యూమర్ సిద్ధంగా లేకపోతే మెసేజ్ చచ్చిపోతుంది. ఒక వైపు సున్నా అంటే చిరంజీవి, మరో వైపు సున్నా అంటే పుట్టగానే పోయేది. ఫీల్డును అలాగే కాపీ చేసే కోడ్ టెస్టింగ్‌లో చక్కగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ కన్స్యూమర్ ఎప్పుడూ ఖాళీగానే కూర్చుని ఉంటాడు. ప్రొడక్షన్‌లో రద్దీ పెరిగినప్పుడే మెసేజ్‌లు మాయమవడం మొదలవుతుంది. సున్నా వస్తే ర్యాబిట్‌లో ఆ ప్రాపర్టీని అసలు పెట్టకండి. గడువు ఉంటే ఇప్పటి సమయాన్ని తీసేసి మిగిలింది పెట్టండి. మిగిలింది సున్నా కంటే తక్కువైతే అది ఇప్పటికే గడువు దాటిన మెసేజ్, దాన్ని ఏం చేయాలో వ్యాపార విభాగాన్ని అడిగి తేల్చుకోండి.

రెండో వైపు నుంచి, అంటే ర్యాబిట్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌కు జవాబులు పంపేటప్పుడు, జేఎంఎస్ తన ప్రాపర్టీలన్నింటినీ ఎంక్యూఆర్‌ఎఫ్‌హెచ్2 అనే హెడర్‌లో చుట్టి మెసేజ్ ముందు తగిలిస్తుంది. అవతల ఉన్నది కోబాల్ (మెయిన్‌ఫ్రేమ్‌లలో వాడే పాత భాష) ప్రోగ్రాం అయితే, ఖాతా నంబరు ఉండాల్సిన చోట ఆర్‌ఎఫ్‌హెచ్ అనే అక్షరాలు చూసి కూలబడుతుంది. గమ్యం క్యూకు టార్గెట్ క్లయింట్ ప్రాపర్టీని ఎంక్యూ అని పెడితే ఆ హెడర్ వెళ్లదు. కోబాల్ వాళ్లు మామూలుగా తాము పంపిన ప్రశ్న మెసేజ్ ఐడీని జవాబులోని కోరిలేషన్ ఐడీలో వెతుక్కుంటారు. ఆ 24 బైట్లను ర్యాబిట్ ప్రయాణం అంతటా జాగ్రత్తగా మోసి, తిరిగి బైట్లుగానే పెట్టాలి. హెక్సా స్ట్రింగ్‌ను అక్షరాలుగా పెడితే వాళ్లకు జవాబు దొరకదు, టైమవుట్ అవుతుంది.

అంకెల దగ్గరికి వస్తే ఇంకా జాగ్రత్త. కోబాల్‌లో డబ్బు మొత్తాలను తరచూ ప్యాక్డ్ డెసిమల్‌లో దాస్తారు. బైటుకు రెండు అంకెలు, చివరి అరబైటులో ప్లస్ మైనస్ గుర్తు. 12345 అనే మొత్తం 12, 34, 5సీ అనే మూడు బైట్లుగా ఉంటుంది, చివరి సీ ప్లస్ గుర్తు. మెసేజ్ ఫార్మాట్‌ను ఎవరో స్ట్రింగ్ అని పెట్టి ఉంటే, ఎంక్యూ దాన్ని ఎబ్సిడిక్ (మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతాలు) నుంచి ఆస్కీకి (మామూలు కంప్యూటర్ల సంకేతాలు) అక్షరం అక్షరం మార్చేస్తుంది. ఎబ్సిడిక్‌లో 5సీ అంటే నక్షత్రం గుర్తు, ఆస్కీలో అదే గుర్తు 2ఏ. చివర 5 ఉండాల్సిన చోట 2 వచ్చి కూర్చుంటుంది. ‘ఏ’ని కూడా ప్లస్ గుర్తుగానే ఒప్పుకుంటారు కాబట్టి చదివే ప్రోగ్రాం కిమ్మనదు. ఇలాంటి మెసేజ్‌లను బైట్స్ మెసేజ్‌గానే తీసుకుని, కాపీబుక్ (మెసేజ్‌లో ఏ ఫీల్డు ఎక్కడ, ఎంత ఉందో చెప్పే కోబాల్ ఫైలు) దగ్గర పెట్టుకుని, ఏ ఫీల్డు అక్షరాలో ఏది అంకెలో మీరే విడదీయాలి. కాపీబుక్ ఇవ్వమని మెయిన్‌ఫ్రేమ్ బృందాన్ని మొదటి వారంలోనే అడగండి, చివర్లో అడిగితే దొరకదు.

తెలుగు పేర్లు ఈ దారిలో వెళ్తే మరో చిక్కు. కొత్త యాప్‌లో కస్టమర్ తన పేరును తెలుగులో రాస్తే అది యూటీఎఫ్-8లో వస్తుంది. తెలుగులో ప్రతి కోడ్ పాయింటుకూ మూడు బైట్లు. ‘లక్ష్మి’ కంటికి రెండు అక్షరాలే అయినా లోపల ఏడు కోడ్ పాయింట్లు, అంటే 21 బైట్లు. కాపీబుక్‌లో పేరుకు 20 బైట్లే ఉంటే ఆ చిన్న పేరు కూడా పట్టదు. అసలు ఎబ్సిడిక్ 37 కోడ్ పేజీలో తెలుగు అక్షరాలే లేవు, మార్పిడిలో అన్నీ ప్రత్యామ్నాయ గుర్తులుగా మారిపోతాయి, తిరిగి రావు. దీన్ని బ్రిడ్జిలో పరిష్కరించాలని చూడకండి. ఇంగ్లిష్ లిపిలో ఉన్న పేరును ఆ ఫీల్డులో పంపమని, తెలుగు పేరు కొత్త వ్యవస్థలోనే ఉంచుకోమని రెండు బృందాలనూ కూర్చోబెట్టి ఒప్పించడమే దారి.

ఈ సందర్భంలో ఒక మాట. బ్రిడ్జి మధ్యలో కూర్చుంటుంది కాబట్టి, ప్రతివాళ్లూ తమ చిన్న చిన్న మార్పులను దానిలో పెట్టమంటారు. మొత్తాన్ని రౌండ్ చేయండి, ఈ బ్రాంచి కోడ్ వస్తే వదిలేయండి, ఆ ఫీల్డు ఖాళీగా ఉంటే ఇది నింపండి అని. రూపం మార్చడం వరకు సరే, అర్థం మార్చే పనికి ఒప్పుకోకండి. ఏడాది తిరిగేసరికి ఆ నియమాలు ఎవరివో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు, నిద్రలేపే ఫోను మాత్రం మీకే వస్తుంది.

విషపు మెసేజ్ గురించి మీరు అడగలేదు, కానీ మొదటి నెలలోనే ఎదురవుతుంది. రూపం చెడిన మెసేజ్ ఒకటి వస్తుంది, మీ కోడ్ రోల్‌బ్యాక్ చేస్తుంది, అది క్యూ తలలోకి తిరిగి వెళ్తుంది, మళ్లీ మీకే వస్తుంది. ఇలా సెకనుకు వందలసార్లు తిరుగుతూ వెనకున్న మంచి మెసేజ్‌లన్నింటినీ ఆపేస్తుంది. ఐబీఎం ఎంక్యూ ఎన్నిసార్లు వెనక్కి వెళ్లిందో లెక్క ఉంచుతుంది. క్యూకు బ్యాకౌట్ థ్రెషోల్డ్, బ్యాకౌట్ క్యూ పేరు పెడితే, జేఎంఎస్ లైబ్రరీ హద్దు దాటిన మెసేజ్‌ను తనంతట తానే ఆ క్యూకు తోసేస్తుంది. డిఫాల్ట్‌గా ఆ థ్రెషోల్డ్ సున్నా, అంటే ఈ ఏర్పాటు పనిచేయదు. ర్యాబిట్ వైపు క్వోరమ్ క్యూలకు డెలివరీ లిమిట్ (ఎన్నిసార్లు మళ్లీ ఇవ్వాలన్న హద్దు) ఉంది, 4.0 నుంచి డిఫాల్ట్‌గా 20. అయితే అలాంటి మెసేజ్‌లను పక్కకు మళ్లించే డెడ్ లెటర్ ఎక్స్‌ఛేంజ్ పెట్టకపోతే, ఆ హద్దు దాటిన మెసేజ్‌ను అది పారేస్తుంది. ‘ఒక్కటి కూడా పోకూడదు’ అన్న మీ మేనేజర్‌కు ఈ వాక్యం చూపించి, ఆ ఎక్స్‌ఛేంజ్‌ను ముందుగానే పెట్టించండి.

ఒక తేడా ఇక్కడ స్పష్టంగా ఉండాలి. మెసేజ్ చెడిపోతే పక్కన పెట్టాలి, అవతలి సర్వర్ పడిపోతే ఆగి వేచి ఉండాలి. రెండింటికీ ఒకే రోల్‌బ్యాక్ రాస్తే, ర్యాబిట్ పది నిమిషాలు పడిపోయినప్పుడు మంచి మెసేజ్‌లన్నీ హద్దు దాటి బ్యాకౌట్ క్యూలోకి వెళ్లి కూర్చుంటాయి. కనెక్షన్ లేనప్పుడు ఐబీఎం నుంచి తీయడమే ఆపేయండి.

ఆపినప్పుడు ఐబీఎం వైపు పోగుపడతాయి, అది సహజం. మెయిన్‌ఫ్రేమ్ కాని వేదికల మీద క్యూ గరిష్ఠ లోతు డిఫాల్ట్‌గా 5,000. అది నిండితే పంపే ప్రోగ్రాంకు 2053 అనే కోడ్ వస్తుంది, అప్పుడు సమస్య మీది కాస్తా అందరిదీ అవుతుంది. అవతలి వాళ్లు ఎన్ని గంటలు పడిపోయినా తట్టుకోవాలో అడిగి, గంటకు వచ్చే మెసేజ్‌లతో గుణించి లోతు పెట్టించండి. ర్యాబిట్‌కు మెమరీ గానీ డిస్కు గానీ తక్కువైతే అది పడిపోదు, పబ్లిష్ చేసే కనెక్షన్లను నిలబెట్టేస్తుంది. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, కన్ఫర్మ్‌లు మాత్రం రావు. అందుకే కన్ఫర్మ్ కోసం ఎదురుచూడటానికి టైమవుట్ పెట్టండి. పబ్లిష్‌కూ కన్స్యూమ్‌కూ వేర్వేరు కనెక్షన్లు వాడండి, లేకపోతే నిలబెట్టిన కనెక్షన్ మీద అక్‌లు కూడా ఇరుక్కుంటాయి.

ఎంత పోగుపడిందన్న సంఖ్య కంటే, క్యూలో అన్నింటికంటే పాత మెసేజ్ వయసు ఎంతన్నది మంచి కొలమానం. ఐబీఎంలో క్యూ మానిటరింగ్ ఆన్ చేస్తే క్యూ స్టేటస్ కమాండ్‌లో ఆ వయసు సెకన్లలో కనిపిస్తుంది. దాని మీద అలారం పెట్టండి.

రెడీమేడ్‌గా ఏమీ లేదా అంటే ఉన్నాయి. ర్యాబిట్ నుంచి ర్యాబిట్‌కైతే మెసేజ్‌లను మోసే షోవెల్ ప్లగిన్ చాలు, కోడ్ రాయాల్సిన పనే లేదు. ఐబీఎం ఎంక్యూ నుంచి కాఫ్కాకైతే (మెసేజ్‌లను వరుస లాగ్‌గా దాచే మరో వ్యవస్థ) ఐబీఎం వాళ్లే ఓపెన్ సోర్స్‌గా ఇచ్చిన కాఫ్కా కనెక్ట్ కనెక్టర్లు ఉన్నాయి, ముందు వాటినే చూడండి. మీ జతకు అపాచీ క్యామెల్ (వ్యవస్థలను కలిపే జావా లైబ్రరీ) సరిపోతుంది, కనెక్షన్లు, మళ్లీ ప్రయత్నాలు అది చూసుకుంటుంది. కానీ ట్రాన్సాక్టెడ్, మ్యాండేటరీ, కన్ఫర్మ్, గడువు మార్పిడి, ఇవన్నీ అక్కడా మీరే సరిగ్గా పెట్టాలి. మీది ప్యాక్డ్ డెసిమల్ ఉన్న కోబాల్ మెసేజ్ అయితే ఎలాగూ సొంత కోడ్ తప్పదు.

రేపు కాఫ్కాకు మారతామని మీరు చివర్లో అన్నారు కాబట్టి క్లుప్తంగా. కాఫ్కాకు పంపేటప్పుడు అక్స్ ఆల్ (సమకాలంలో ఉన్న కాపీలన్నీ రాసుకున్నాకే ఒప్పుకునే సెట్టింగ్) పెట్టి, పంపిన ఫలితం వచ్చేదాకా ఆగండి. కాఫ్కా నుంచి చదివి ఎంక్యూకు రాసేటప్పుడు ఆటో కమిట్ ఆపేసి, ఎంక్యూ కమిట్ అయ్యాకే ఆఫ్‌సెట్ (ఎంతవరకు చదివామో చెప్పే వరుస సంఖ్య) కమిట్ చేయండి. అక్కడ మెసేజ్‌కు విడిగా అక్ ఇవ్వడం మామూలు కన్స్యూమర్ గ్రూపులో ఉండదు. 105 దాకా చదివానంటే అంతకు ముందున్నవన్నీ అయిపోయినట్టే లెక్క, కాబట్టి మధ్యలో ఒకటి విఫలమైతే దాటి పోకూడదు. ఎంక్యూ నెమ్మదించి రెండు పోల్‌ల (కొత్త మెసేజ్‌లు ఇవ్వమని అడిగే పిలుపుల) మధ్య ఐదు నిమిషాలు దాటితే, డిఫాల్ట్ సెట్టింగ్‌లో కన్స్యూమర్‌ను గ్రూపు నుంచి తీసేస్తారు. ఇంకో మాట, మెసేజ్ పరిమాణం: ఐబీఎంలో డిఫాల్ట్ హద్దు 4 ఎంబీ, కాఫ్కాలో దాదాపు 1 ఎంబీ. మీ అతిపెద్ద మెసేజ్ ఎంతో ఇప్పుడే కొలిచి పెట్టుకోండి.

ఇక రెండు కాపీల ప్రశ్న. నడపవచ్చు, కానీ వరుస క్రమం అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండు కాపీలు ఒకే క్యూ నుంచి తీస్తే, మొదటిది తీసిన మెసేజ్ కంటే రెండోది తీసినది ముందు చేరవచ్చు. ఖాతా తెరిచారనే మెసేజ్ కంటే ముందే ఆ ఖాతాలో డబ్బు వేశారనే మెసేజ్ వస్తే అవతలి ప్రోగ్రాం తిప్పి కొడుతుంది. ఒక్క కాపీలో నాలుగు థ్రెడ్లు పెట్టినా ఇదే గతి. క్రమం ముఖ్యమైతే క్యూను ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే ఒక్కరే తీసుకునేలా, తెరిచేలా పెట్టించండి. రెండో కాపీ తెరవబోతే 2042 కోడ్ వస్తుంది, అది కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తూ ఉంటుంది, మొదటిది పోయినప్పుడు పని అందుకుంటుంది. ర్యాబిట్ వైపు సింగిల్ యాక్టివ్ కన్స్యూమర్ అనే సెట్టింగ్ ఇదే పని చేస్తుంది. వేగం కూడా కావాలంటే ఖాతా నంబరును బట్టి క్యూలు విడగొట్టి, ఒక్కో క్యూకు ఒక్కో థ్రెడ్ పెట్టాలి. అన్ని మెసేజ్‌లకూ క్రమం అక్కర్లేదు, ఒకే ఖాతావి క్రమంలో ఉంటే చాలని సాధారణంగా తేలుతుంది.

బ్రిడ్జిలు రెండు దిక్కులా నడుస్తున్నప్పుడు ఒకటి పెట్టింది రెండోది తీసుకుని వెనక్కి పంపకుండా చూసుకోండి. ఒక బీమా సంస్థలో రెండు క్యూ పేర్లు తారుమారై, ఒకే మెసేజ్ రాత్రంతా బంతిలా అటూ ఇటూ తిరిగింది. ఎన్ని బ్రిడ్జిలు దాటిందో చెప్పే హెడర్ ఒకటి పెట్టి, రెండు దాటితే పక్కన పడేయండి.

పంపే ముందు ఈ పరీక్షలు చేయండి. కొన్ని వేల మెసేజ్‌లు ఐబీఎంలో నింపి, బ్రిడ్జి నడుస్తుండగా దాన్ని కిల్ మైనస్ 9తో (హెచ్చరిక లేకుండా ఆపేసే కమాండ్) చంపండి, మళ్లీ లేపండి, ఇలా పదేపదే. తర్వాత ర్యాబిట్‌ను మధ్యలో ఆపండి. తర్వాత ర్యాబిట్‌లో బైండింగ్ తీసేయండి. చివరగా, నెట్‌వర్క్‌ను తెంచకుండా ప్యాకెట్లను మాత్రం మింగేసేలా ఫైర్‌వాల్ నియమం పెట్టండి. కనెక్షన్ తెగినప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది, ఇలా మౌనంగా ఉన్నప్పుడు ఏదీ రాదు, టైమవుట్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇక్కడే తేలుతుంది. ప్రతిసారీ అవతలి గుర్తింపుల జాబితాను ఇవతలి దానితో పోల్చండి. ఎక్కువ ఉంటే పరవాలేదు, ఒక్కటి తక్కువైనా పంపకండి.

మీరు రాసినదాన్ని బట్టి క్యూ సెట్టింగులు మీ చేతిలో లేవనిపిస్తోంది. ఎంక్యూ అడ్మిన్‌ను అడిగి ఆ క్యూ బ్యాకౌట్ థ్రెషోల్డ్, బ్యాకౌట్ క్యూ పేరు, గరిష్ఠ లోతు, మెసేజ్ ఫార్మాట్ తెలుసుకుని ఇక్కడ రాయండి. స్ట్రింగ్ ఫార్మాట్ అని వస్తే, కాపీబుక్‌లో ప్యాక్డ్ ఫీల్డులు ఏమైనా ఉన్నాయేమో కూడా చూసి చెప్పండి.